ప్రార్థన అంశం రాని వారాలు

మా చర్చి సంఘంలో ఎవరికైనా కష్టం వస్తే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశం పెడతారు. నేను కష్టం రాకముందే పెట్టేదాన్ని. బాబుకు పన్ను వస్తోంది, ప్రార్థించండి. టీకా వేయించాం, జ్వరం రాకుండా ప్రార్థించండి. నిన్నటి నుంచి విరేచనం కాలేదు. ఇవాళ అయింది కానీ రంగు తేడాగా ఉంది. బీఎస్సీ చదివినదాన్ని కాబట్టి ఆ రంగేమిటో కూడా వివరంగా రాసేదాన్ని. జనం అన్నం తింటూ కూడా ఫోన్ చూస్తారన్న ఆలోచన నాకు వచ్చేది కాదు.

మేముండేది సిద్దిపేటలో, మా ఆయన గజ్వేల్‌లో విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. "దేవునికి మన ఇల్లు తప్ప వేరే పని లేదనుకున్నవా?" అనేవాడు. పాస్టరమ్మ మాత్రం అన్నిటికీ 'ఆమెన్' పెట్టేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా వంతు రాగానే "ఇగ మన చిన్నోని సంగతులు" అని ఆమె మొదలుపెడితే అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నా ప్రార్థన తీరు కూడా అలాంటిదే. ఏం చేయాలో, ఎప్పటికల్లా చేయాలో దేవుడికి విడమరిచి చెప్పి, చివర్లో 'నీ చిత్తమే జరుగును గాక' అని కలిపేదాన్ని.

బాబుకు ఏడాదిన్నర ఉన్నప్పుడు పక్కింట్లో పెళ్లయింది. మా కిటికీ కిందే పటాకులు కాల్చారు. నేను ఉలిక్కిపడి లేచాను. వాడు కదలలేదు.

"మంచిగ పండిండు, లేపకు" అన్నాడు మా ఆయన.

నేను వంటింట్లోంచి స్టీలు ప్లేటు, గరిటె తెచ్చి వాడి చెవి దగ్గర మోగించాను. మా ఆయన చెవులు మూసుకున్నాడు. వాడు హాయిగా నిద్రపోయాడు. మర్నాడు సిద్దిపేటలోనే పిల్లల డాక్టరుకు చూపిస్తే, వినికిడి లోపం ఉండొచ్చని, హైదరాబాదులో పరీక్ష చేయించమని చెప్పాడు.

ఆ రోజు గ్రూపు తెరిచి ఒక వాక్యం రాశాను. చెరిపేశాను. పెడితే నిజమైపోతుందని భయం. అంతకంటే పిచ్చి ఆలోచన ఇంకొకటి వచ్చింది. పళ్లకూ కడుపుకూ జ్వరానికీ అడిగాను కానీ, చెవుల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. నేను చెప్పలేదు కాబట్టి దేవుడు వాటిని వదిలేశాడా? డిగ్రీ ఇలాంటి ఆలోచనలను ఆపదు. చిల్లర విషయాలతో విసిగించిన నోటితో అసలైనది అడగడానికి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. చివరికి ఏమీ పెట్టలేదు. ఉపవాస ప్రార్థనకూ వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం పాస్టరమ్మ ఆటో దిగి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమైంది?"

"ఏం కాలే అమ్మా. మంచిగనే ఉన్నం."

"మంచిగుంటే నాకెందుకు భయమైతుంది? పోరడు తుమ్మినా మెసేజ్ పెడ్తివి. రెండు వారాలాయె, ఒక్క అంశం లేదు. మొన్న నీ వంతు వచ్చేసరికి ఏమని ప్రార్థన జెయ్యాల్నో తెల్వక అందరం గమ్మున గూసున్నం. గిది పెద్దదే అని అప్పుడే అనుకున్న."

ఏడుస్తూ చెప్పాను. ఆమె 'దేవునికో ఉద్దేశం ఉంటది బిడ్డా' అనబోతుందని ముందే ఊహించి, నేనే అడ్డం తగిలాను.

"చిన్న పిల్లగానితోని ఏం ఉద్దేశం అమ్మా?"

గొంతు కొంచెం పెరిగింది. ఆమె అప్పుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. వాళ్లది తొగుట వైపు, జలాశయంలో మునిగిన ఊరు.

"మా ఊరు నీళ్లల్ల పోయినప్పుడు నేను గుడ గిదే అడిగిన. పాస్టరు భార్యను గదా, బయట ఆమెన్ అనుకుంట, లోపల దేవునితోని మాట బంద్ పెట్టిన."

"తర్వాత తెల్సిందా, ఎందుకో?"

"తెల్వలే. ఇంకా అడుగుతనే ఉన్న. కాని నేను మాట్లాడకున్నా ఆయన పోలే. నా సాక్ష్యం గంతే, పెద్దగేం లేదు." కొంగుతో నా ముఖం తుడిచి, "ఇగ ఫోన్ తియ్. గ్రూపుల అందరు ఎదురు జూస్తున్నరు" అంది.

రాశాను. పరీక్ష ఎలా జరగాలో, రిపోర్టులో ఏం రావాలో, డాక్టరు ఏమనాలో అన్నీ రాశాను. ఆమె చదివి నవ్వింది. "డాక్టరు మాటలు గుడ నువ్వే రాస్తివి. ఇగ దేవుడేం జేస్తడు?" సగం పైగా చెరిపితే ఇది మిగిలింది: 'బాబుకు వినిపించడం లేదు. పరీక్షకు వెళ్తున్నాం. భయంగా ఉంది.'

గ్రూపు నిండా ఆమెన్లు వచ్చాయి. రిపోర్టు మాత్రం మారలేదు. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువగా ఉంది. ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దాం, సరిపోకపోతే ఆపరేషన్ అన్నారు.

మిషన్లు పెట్టిన రోజు, నా గొంతు విని వాడు నవ్వుతాడని ఎదురుచూశాను. పేరు పెట్టి పిలిచాను. నావైపు చూసి బావురుమన్నాడు.

"పాపం, నీ గొంతు గిట్లుంటదని వానికి గిప్పుడే ఎరుకైంది" అన్నాడు మా ఆయన. అతని కళ్లలో నీళ్లున్నాయి కాబట్టి వదిలేశాను.

అప్పటి నుంచి రోజూ నేను మిషన్లు పెట్టడం, వాడు పీకేయడం. ఒకటి చపాతీ పిండిలో దొరికింది. దేవుడు కూడా నాతో ఇలాగే వేగుతున్నాడేమో అని ఒక పోలిక తట్టింది కానీ, అది ఆదివారం ప్రసంగంలా ఉండడంతో ఆపేశాను. మిషన్లు సరిపోతాయో లేదో ఇంకా తెలియదు. ఉద్దేశమేమిటో అసలే తెలియదు. తెలియకుండా నమ్మడం నాకు చేతకాదు. చేతకాకుండానే నమ్ముతున్నాను. వాడు పడుకున్నాడు. పొద్దున లేవగానే పెడతాను. పీకుతాడు. మళ్లీ పెడతాను.