యజమాని నిలబడే రోజు

నాకు ముక్కు మీద కోపం. సింగపూర్‌లో మొదటి ఉద్యోగం ఇచ్చిన డాట్‌కామ్ కంపెనీ ఒక పొద్దున్న ఉన్నట్టుండి మూతపడితే, మేనేజర్ మొహం మీదే నోటికొచ్చినట్టు తిట్టేసి బయటికొచ్చాను. తెలుగులో తిట్టాను కాబట్టి సరిపోయింది. ఐటీ జోరులో కాకినాడ నుంచి రెక్కలు కట్టుకుని వాలినదాన్ని, అక్కడ ఉండి పని చేసుకోనిచ్చే పాస్ రద్దవుతుందనేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అప్పుడు నన్ను పనిలో పెట్టుకున్నది వుడ్‌ల్యాండ్స్‌లో కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానా నడుపుతున్న ఒక ఇంగ్లీషు పెద్దాయన. ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్నాడు. నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, రంపపు పొట్టుకు తుమ్ములొస్తాయా అని ఒక్కటే అడిగాడు. రావన్నాను. చచ్చేటన్ని వచ్చేవి. ఆయన పుణ్యమా అని నాకు పాస్ వచ్చింది, నోట్లోకి నాలుగు వేళ్ళు వెళ్ళాయి. ఆ మాట ఇప్పటికీ చేతులెత్తి చెబుతాను.

వాళ్ళది బాగా కలిగిన కుటుంబం, తరాల నాటి వడ్రంగం. ఇళ్ళూ స్థలాలూ అయితే ఆడపిల్లా మగపిల్లాడా అని చూడకుండా పిల్లలందరికీ సమానంగా పంచుతారు. కార్ఖానాని మాత్రం ముక్కలు చెయ్యరు, ఒక్కరికే ఇస్తారు. ఆ ఒక్కరూ తన చేత్తో ఒక స్టూలు చేసి పెట్టాలి. పనివాళ్ళంతా వరసగా వచ్చి దాని మీద కూర్చోవాలి. ఏ ఒక్కరు కూర్చోకపోయినా, ఈ మనిషి కింద మేం పని చెయ్యం అని అర్థమట, ఇక ఆ బిడ్డకి ఇవ్వరట. పెద్దాయన ముత్తాత వెనకటికి కళ్ళు మూసుకుని పెద్దకొడుక్కి అప్పగిస్తే, వాడి నోటి దురుసుకి మంచి పనివాళ్ళందరూ వెళ్ళిపోయారట. అప్పటినుంచీ ఇదీ పద్ధతి. అందరూ కూర్చుంటారని నాకు ముందే తెలుసు గానీ, కూర్చోకపోతే ఏమవుతుందో అప్పటికి ఎవరూ చెప్పలేదు. మన రిబ్బన్ కత్తిరింపు లాంటిదేదో అనుకున్నాను.

పెద్దాయన కొడుకు లండన్‌లో ఉంటాడు, అతనికి చెక్క వాసనే గిట్టదు. కూతురు మాత్రం ఏళ్ళ తరబడి ఇక్కడే చిత్రిక పడుతోంది. మధ్యాహ్నం తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి, మా ఇద్దరికీ చోటు చోప్ చేసేది, అంటే ఆ ప్యాకెట్ ఉన్నంతసేపూ అక్కడ ఇంకెవరూ కూర్చోరు. ఒకరోజు తింటూ తింటూ చెప్పింది, "ఇది నాకు రాకపోతే నాన్న అమ్మేస్తారు. నాకు ఇంకే పనీ రాదు."

ఆమె స్టూలు పెట్టే రోజు రానే వచ్చింది. మేకు కొట్టకుండా చేసిన స్టూలు మధ్యలో పెట్టారు. మోకాళ్ళ నొప్పులతో పెద్దాయన కర్ర పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. అందరికంటే పాత మనిషి, చైనీస్ అంకుల్, ముందు కూర్చుని అటూ ఇటూ ఊగి చూసి "కెన్ లా" అన్నాడు, భేషుగ్గా ఉందన్నట్టు. మిగతావాళ్ళూ కూర్చుని లేచారు. అందరికంటే కొత్తదాన్ని కాబట్టి చివర నేను. దగ్గరికెళ్ళి, స్టూలుని రెండు చేతులా తాకి కళ్ళకద్దుకుని, పక్కకి తప్పుకున్నాను. ఎంత మర్యాద చేశానో అని నాలో నేనే మురిసిపోతున్నాను కూడా.

కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా అమ్మాయి నీకేమైనా అన్యాయం చేసిందా?" అని అడిగాడు పెద్దాయన.

అయ్యో రామా, ఎంత పని చేశాను!

"లేదండీ! పెద్దవారు, మీరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను? మా ఇంట్లో అలా చేస్తే మా అమ్మమ్మ వీపు చిట్లగొట్టేది."

ఇంకెవరైనా అయితే నవ్వేవారు. ఆయన నవ్వలేదు. కర్ర ఊతంతో మెల్లగా నడిచి, పక్కనున్న పలకల దొంతర మీద కూర్చున్నాడు.

"నేను కూర్చున్నాను. ఇప్పుడు నీ ఇష్టం. వద్దనిపిస్తే వద్దని చెప్పు."

కూర్చున్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎక్కడా కూర్చోలేదు. కూతురు వచ్చి నన్ను వాటేసుకుంది. అప్పుడే పెద్దాయన తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం మామూలుగానే టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, తిండి కోసం లైన్లో నిలబడ్డాం. అక్కడ చెప్పింది ఆమె. ఆ ఇంట్లో ఆ రోజు, చివరి పనివాడు కూర్చునేదాకా యజమాని కూర్చోకూడదట. పనివాళ్ళ ముందు ఆయన నిలబడాల్సిన రోజు అదొక్కటేనట. వాళ్ళ తాతయ్య జ్వరంతో కాలిపోతూ కూడా గోడ పట్టుకుని నిలబడ్డాడట. తరాలుగా ఎవరూ తప్పని మాటని నిన్నగాక మొన్న వచ్చిన నా కోసం, మా అమ్మమ్మ మాట కోసం, ఆయన తప్పాడు.

లైన్లోనే నాకు ఏడుపు ఆగలేదు. కూతురు గబగబా వెళ్ళి టేబుల్ మీది టిష్యూ ప్యాకెట్ తెచ్చి చింపి నా చేతిలో పెట్టింది. మేం ప్లేట్లతో తిరిగొచ్చేసరికి టేబుల్ దగ్గర వేరేవాళ్ళు కూర్చుని ఉన్నారు. కొత్త యజమానీ నేనూ ఆ రోజు నిలబడే తిన్నాం.