కిల్కెన్నీ పరుగులో కడప బండ

కట్టడాన్ని చూడాలంటే నిలబడాలి. ఇది నాకు ఎవరూ నేర్పింది కాదు. ఐదో తరగతితో బడి మానేసి, జమ్మలమడుగు దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు నల్ల బండలు రుద్ది నాకు నేనే తెలుసుకున్నది. అందుకే ఈ వేసవి ఐర్లండులో, కొడుకు వాళ్లుండే కిల్కెన్నీలో దిగిన వారానికే మా కోడలు తాను సైట్‌సీయింగ్ రన్నులకు గైడుగా చేరాలనుకుంటున్నానని చెబితే, చేతిలోని టీ కప్పు కింద పెట్టాను.

"అంటే ఏందిమ్మా?"

"టూరిస్టులను వెంటేసుకొని పొద్దున్నే ఊరంతా ఉరుకుతం మామయ్యా. కోట, పాత ఇండ్లు, పెద్ద చర్చి. ఒక్కో తాన రెండు నిమిషాలు ఆగి దాని ముచ్చట చెప్తం. గంటల అయిపోతది."

"ఎనిమిది వందల ఏండ్ల ఊరిని గంటలో చూపిస్తారా?"

"చూపిస్తం."

"కుక్కలు తరిమితే చూసినట్టు."

ఆమె నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమెది కరీంనగర్. మావాడిది ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం. దాని కోసం రెండేళ్ల కిందట డబ్లిన్ పక్కన సిటీవెస్ట్ నుంచి ఇక్కడికి ఇల్లు మార్చారు. అక్కడ ఉన్నప్పుడు ఆమె రోజూ లువాస్ ట్రాము ఎక్కి సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లేది. ఇక్కడికి వచ్చాక ఆ ఉద్యోగం పోయింది, ఇంకొకటి దొరకలేదు. ఖాళీ పొద్దులు గడవక పరుగు మొదలుపెట్టింది. ఒక రోజు బట్టలు మడత పెడుతూ తనలో తాను అనుకున్నట్టే అన్నది: "డబ్లిన్ల నా మెడల నా పేరుతోని ఒక కార్డుండె. ఈడ డాక్టరు గారి భార్యను, పాప వాళ్ల అమ్మను. గంతే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నలభై ఏళ్లు నన్ను కూడా పేరు పెట్టి పిలిచినవాడు లేడు. బండలోడా అనేవాళ్లు. కాబట్టి పరుగు మీద నా అభిప్రాయం నా దగ్గరే ఉంచుకుని, "నీకు ఆ పని రావాల. నేనేం చేయాల?" అని అడిగాను.

మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున పరీక్ష. ఆ రన్నులు నడిపే పెద్దమనిషి తానే గుంపులో ఒకడిగా పరుగెత్తి చూస్తాడట. నచ్చితే వేసవంతా శనివారాలు ఆమెవి.

సాధన మొదలైంది. ఆమె నది ఒడ్డు చుట్టూ పరుగెత్తి వస్తుంది. నేను పెద్దవీధిలో అడ్డంగా నడిచి, ఆగాల్సిన చోట ముందే నిలబడి ఉంటాను. ఆమె ఆయాసంతో చెబుతుంది, నేను టూరిస్టులాగా వింటాను. ఒక్కో రోజు జర్మన్‌వాడిని, ఒక్కో రోజు అమెరికావాడిని. ఎవరి వేషమైనా ప్రశ్నలు మాత్రం నావే. పాత టౌన్‌హాలు ముందరి ఈ కమానులు ముందే కట్టినవా, తర్వాత తగిలించినవా? ఒకప్పుడు వెన్న అమ్మిన ఈ మెట్ల సందు ఇంత ఇరుకుగా ఎందుకుంది, వెన్న గంపలు మోసేవాళ్లు ఎదురెదురైతే ఎవరు తప్పుకునేవాళ్లు? ఆ పాత వ్యాపారి ఇంట్లో ఒక ఇంటి వెనక ఇంకో ఇల్లు, దాని వెనక ఇంకోటి ఎందుకు కట్టినారు? ఆమె కొన్నింటికి జవాబు వెతికి తెచ్చేది. కొన్నింటికి, "టూరిస్టులు గిన్ని అడగరు మామయ్యా" అనేది.

ఒక రోజు నేనే ఓడిపోయాను. "మీరు ఎప్పుడూ గోడలు చూసుకుంట నడుస్తరు గదా. కోట కాడికెల్లి చర్చి దాకా వీధి ఎక్కుతదా, దిగుతదా?" అని అడిగింది. నాకు తెలియలేదు. అప్పటికి ఇరవైసార్లు నడిచి ఉంటాను. "దిగుతది, మళ్ల ఎక్కుతది. కోట ఒక గుట్ట మీద, చర్చి ఇంకో గుట్ట మీద. దొరలు ఇటు, మతపెద్దలు అటు, నడుమ ఊరు. ఉరికితే పిక్కలకు తెలుస్తది." మరునాడు పొద్దున్నే ఒక్కడినే వెళ్లి, గోడల వంక చూడకుండా ఆ వీధి పొడవునా వేగంగా నడిచాను. పిక్కలు చెప్పాయి. డెబ్బై నాలుగేళ్ల మనిషికి కొత్త సంగతి దొరికితే ఆ రోజంతా ఆకలి బాగా వేస్తుంది.

తగాదా వచ్చింది ఒక్క రాయి దగ్గరే. ఈ ఊరికి నల్ల మార్బుల్ ఊరని పేరు. ఆ పెద్దమనిషి ఇచ్చిన కాగితంలోనూ అలాగే ఉంది. మార్బుల్ కాదు. సున్నపురాయి. మా కడప బండలాగే ఎండితే బూడిదరంగు, తడిస్తే నలుపు, మెరుగు పెడితే అద్దం. తేడా ఒక్కటే: దీంట్లో ఎప్పటివో రాయైపోయిన తెల్లటి గవ్వలు ఉంటాయి. మా బండలో ఒక్క గవ్వ ఉండదు. అది గవ్వలు పుట్టకముందటి రాయి అని చాలా ఏళ్లకు కడప లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుసుకున్నాను.

"అబద్ధం చెప్పొద్దమ్మా" అన్నాను.

"అందరూ మార్బులే అంటరు. కాగితంల ఉన్నది చెప్పకుంటే నాకు పని ఇయ్యరు."

"అందరూ అంటే అయిపోతుందా?"

నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. నేను అరిచింది ఆమె మీద కాదు, ఒక ఇంజనీరు మీద. అతను గళ్ల చొక్కా, బ్రౌన్ బూట్లు వేసుకుని, మా ఊరి దగ్గరి పాత కోటగోడకు సందుల్లో సిమెంటు పూయించాడు. సున్నం గోడకు సున్నమే పెట్టాల సార్, లేకుంటే తడి బయటికి రాలేక రాయే పగులుతుందని చెప్పాను. "బండలు రుద్దుకునేవాడివి, నీకేం తెలుసు" అన్నాడు. రెండు వానాకాలాలకు సిమెంటు రాయిని కూడా పట్టుకుని పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అప్పటికి అతను బదిలీ అయిపోయాడు. ఆ గళ్ల చొక్కాలో ఎరుపు ఎంత, నీలం ఎంత అన్నది ఇప్పటికీ చెప్పగలను.

పరీక్షకు ముందు రోజు కోడలు నా ఎదురుగా కూర్చుంది. "రేపు మీరు రాండ్రి మామయ్యా. మీరు ఎదురుంగ ఉంటే నాకు ధైర్యం. కానీ ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. మార్బుల్ అన్నా సరే. మాటియ్యిండ్రి."

మాట ఇచ్చాను.

శనివారం ఏడింటికి కోట గేటు దగ్గర ఆరుగురు టూరిస్టులు, వాళ్ల మధ్య పొడుగ్గా, తెల్లగడ్డంతో ఆ పెద్దమనిషి. మా కోడలు అందరినీ పలకరించి బయలుదేరింది. కమానుల దగ్గర నేను ఎవరికీ సంబంధం లేని ముసలివాడిలాగా బెంచీ మీద కూర్చుని విన్నాను. వెన్న గంపల ముచ్చట చెప్పింది, నవ్వారు. రెండు గుట్టల సంగతి చెప్పి, "మీ పిక్కలను అడగండి" అంది. పెద్దమనిషి తల ఊపాడు. వాళ్లు నది ఒడ్డు చుట్టి వచ్చేలోగా నేను అడ్డదారిన చర్చి ఆవరణకు వెళ్లి గోడవార నిలబడ్డాను.

వాళ్లు గుట్ట ఎక్కి రొప్పుతూ వచ్చారు. గుండ్రటి గోపురం చూపించింది. తర్వాత, "ఈ ఊరి ప్రసిద్ధమైన నల్ల మార్బుల్" అంది. ఇంకో వాక్యంలో మళ్లీ మార్బుల్. మూడోసారి కూడా అనేసరికి, నోరు జారుతుందేమోనని మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

అక్కడ గోడకు ఆనించి ఒక పాత పలక నిలబెట్టి ఉంది. ఎండిపోయి బూడిదరంగులో ఉంది. నా బొటనవేలు నాలుక మీదికి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. గనిలో రాయి చూడాలంటే మాకు అదే పద్ధతి. తాగడానికే నీళ్లు లేని చోట రాయి మీద చెంబు నీళ్లు ఎవరు పోస్తారు? వేలు తడి చేసి అరచేయంత మేర రుద్దితే, లోపల ఏముందో రాయి చెబుతుంది. రుద్దాను. నలుపు పైకి వచ్చింది. ఆ నలుపులో గోరంత తెల్లటి గవ్వ. ఇంకోసారి వేలు తడి చేసి పక్కన రుద్దాను. ఇంకో గవ్వ.

వెనక మాటలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే అందరూ నా వైపే చూస్తున్నారు. పసుపుపచ్చ జాకెట్ వేసుకున్న ఒకావిడ పక్కనున్న ఆయనను నెమ్మదిగా అడిగింది: "ఆయన సమాధి మీద ఉమ్మి రుద్దుతున్నాడా?"

అప్పుడు చూశాను. పలక పైభాగాన చెక్కిన శిలువ ఉంది, దాని కింద అరిగిపోయిన అక్షరాలు. నేను రాయిని చూశాను గానీ, అది ఎవరి తల దగ్గరి రాయో చూడలేదు.

పెద్దమనిషి నన్ను చూశాడు, వాచీ చూశాడు, కోడలిని చూశాడు. నేను టోపీ తీసి చేత్తో పట్టుకుని గేటు వైపు ఒక అడుగు వేశాను. ఈయనెవరో నాకు తెలియదని ఆమె అంటే సరిపోతుంది. అననీ అనుకున్నాను.

"ఆయన మా మామగారు" అంది ఇంగ్లీషులో. "క్షమించండి. అవమానించాలని కాదు. నలభై ఏళ్లు ఇలాంటి రాయికే మెరుగు పెట్టారు. వాళ్ల ఊళ్లో నీళ్లు తక్కువ. రాయిని అలాగే పరీక్షిస్తారు." తర్వాత సమాధుల జోలికి పోకుండా, దారి అంచున పరిచిన రాయి దగ్గర గొంతుక్కూర్చుని, తాను తాగే సీసాలోని నీళ్లు దాని మీద పోసింది. బూడిదరంగు రాయి చూస్తుండగానే నల్లబడింది. దాని నిండా గవ్వలు.

పసుపు జాకెట్ ఆవిడే ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మిగతావాళ్లు వంగారు. ఎవరో అడిగారు: "అయితే ఇది మార్బుల్ కాదా?"

కోడలు పెద్దమనిషి వంక చూసింది. నా వంక చూసింది. "కాదు, సున్నపురాయి. ఒకప్పుడు ఇది సముద్రం అడుగు. మెరుగు పెడితే మెరుస్తుంది కాబట్టి మార్బుల్ అన్నారు. మా మామగారి ఊరి నల్లరాయిలో అసలు గవ్వలే ఉండవు. అది దీనికంటే చాలా ముసలిది."

అందరూ నన్ను చూసి నవ్వారు. నవ్వింది రాయి వయసుకో, నా వయసుకో.

వాళ్లు కోట గేటు చేరేసరికి ఎనిమిది నిమిషాలు ఆలస్యం. ఒకతను రైలు అందుకోవాలని, వెళ్లొస్తానని కూడా అనకుండా పరుగున వెళ్లిపోయాడట. పెద్దమనిషి అన్న మాటలు కోడలు ఇంటికొచ్చి చెప్పింది: "నీ గొంతు బాగుంది. దారి బాగుంది. కానీ గంటంటే గంటే. కాగితంలో లేనిది చెప్పావు. పైగా సమాధి సంగతి. సోమవారం ఫోన్ చేస్తాను."

ఆ రెండు రోజులు ఇంట్లో నేను తిన్నది తక్కువ. మావాడు డ్యూటీ నుంచి వచ్చి, "మాట్లాడనని చెప్పినావంట కదా నాయినా" అన్నాడు.

"మాట్లాడలేదు రా."

ఎనిమిదేళ్ల మనవరాలు సోఫా మీద నుంచి లేచి కూర్చుని, "తాతా, డిడ్ యూ లిక్ అ గ్రేవ్?" అని అడిగింది. వేలిని మాత్రమే నాకానని చెప్పాను. అదేమీ దానికి తేడాగా కనిపించలేదు.

ఆదివారం నేనే వెళ్లి చెప్పాను. "తప్పు నాదమ్మా. పోయి ఆ పెద్దమనిషికి నేనే చెప్తా."

ఆమె గిన్నెలు తుడిచి అలమారలో పెడుతోంది. "మీరు వేలు పెట్టిండ్రు. ఆగింది నేను మామయ్యా. ఆగుమని మీరు చెప్పలే. రెండు నిమిషాలల్ల ముగించి ఉరకొచ్చు. నాకే ఆగబుద్ధి అయింది." తుడుస్తున్న గిన్నె వైపే చూస్తూ అన్నది. "పని రాకుంటే నన్ను జర్రంత తిట్టుకుంట, మిమ్మల్ని కూడ తిట్టుకుంట. ఇప్పుడైతే ఆగుండ్రి."

సోమవారం ఫోన్ వచ్చింది. మళ్లీ ఒక శనివారం పరుగెత్తి చూపించాలి. సరిగ్గా గంట. చుట్టాలెవరూ దరిదాపుల్లో ఉండకూడదు.

ఆ శనివారం నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆరింటి నుంచే వాన. ఊరంతా నల్లబడి ఉంటుంది, ప్రతి రాయీ తన కడుపులో ఏముందో చూపిస్తూ ఉంటుంది, నేను మాత్రం ఇంట్లో. ఎనిమిదిన్నరకు తలుపు తీసుకుని కోడలు వచ్చింది. బూట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"యాభై తొమ్మిది నిమిషాలు" అంది. "శనివారాలు నాయే."

నేను ముందుగా సంతోషమని అనాల్సింది. నోట్లో నుంచి వచ్చింది వేరే. "మార్బుల్ అన్నావా?"

"అన్న. ఈ ఊరోళ్లు మార్బుల్ అంటరు, మా ఇంట్ల ఒకాయన మాత్రం ఒప్పుకోరు, ఎందుకో కింద చూడుండ్రి అన్న. వానకు గవ్వలన్నీ బయటే ఉండె. ఇరవై సెకన్లు." తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఇంకొంచెం చెప్పింది. "అందరికంటె ముందు ఆ పెద్దమనిషే వంగిండు. పోయిన వారం వాచీ చూసుకుంట సరిగ్గ చూడలేదట."

కాగితంలో మాత్రం ఇప్పటికీ మార్బుల్ అనే ఉంది. దాని గురించి నేను ఇంకా అంటూనే ఉంటాను. నన్ను ఆ దారిలో శనివారం పొద్దున కనిపించొద్దన్నారు, కనిపించను. కానీ వాన లేని శనివారాల్లో ఆమె రెండు సీసాలు పట్టుకుని వెళుతుంది, ఒకటి తాగడానికి, ఒకటి రాయికి. ఆ రెండోది నేను నింపుతాను, మూతి దాకా.