గుడ్డ చుట్టిన పుస్తకాలు

నాయన చనిపోయిన ఎండాకాలంలోనే మా కాలేజీ పిల్లలం పెనుకొండ అవతల ఒక పల్లెలో గ్రంథాలయం పెట్టే పని మొదలుపెట్టాం. హిందూపురంలో బస్సెక్కి ఎర్రమంచి దగ్గర దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పోయేవాళ్లం. ఇంట్లో కూర్చోలేక నేనూ పేరిచ్చాను. అంతకు మించి ఉత్సాహమేమీ లేదు. ఆ రోజుల్లో నాకు ఆకలి కూడా ఎవరైనా గుర్తు చేస్తేనే తెలిసేది.

మసీదు పక్కన ఖాళీగా ఉన్న గది ఇచ్చారు. సున్నం వేశాం, అరలు బిగించాం, ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చిన పుస్తకాలు సర్దాం. వాటిలో ఒకటి మా నాయనది. దైవగ్రంథానికి తెలుగు అర్థం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అరబీ చదవడం నేర్చుకున్నా అర్థం తెలిసేది కాదు. తెల్లవారి నమాజు అయ్యాక నాయన ఆ పుస్తకం తీసి ఒక పుట పైకి చదివేవాడు, మేమంతా వినేవాళ్లం. ఆయన పోయాక ఇంట్లో ఎవరమూ దాన్ని తెరవలేకపోయాం. అల్లా వాక్కును మూసిపెట్టి ఉంచకూడదని చిన్నప్పటి నుంచీ మసీదులో జమాతు పెద్దల నోట విన్నవాణ్ణి. మేం చదవలేకపోతే ఇంకెవరైనా చదవాలి. ఆ గ్రంథాలయం నుంచి నేను కోరుకున్నది అదొక్కటే.

గది తాళం మసీదు ఊడ్చే అవ్వ చేతికిచ్చాం. ఒకటి మాత్రం దేవుని పుస్తకం, జాగ్రత్త అని ఆమెకు చెప్పింది నేనే.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. గది అద్దంలా ఉంది, చదివే మనిషి జాడ లేదు. కింది అరలన్నీ ఖాళీ. అన్నిటికంటే పై అరలో, పిల్లల చేతికందనంత ఎత్తున, రంగురంగుల గుడ్డల్లో చుట్టిన మూటలు. ధర్మవరంలో చీరల కొట్లో పనిచేసే కొడుకు తెచ్చిన జాకెట్టు గుడ్డలని అవ్వ చెప్పింది.

గ్రంథాన్ని గుడ్డలో చుట్టి ఎత్తులో పెట్టడం, వుజూ చేసి, అంటే కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కున్నాకే ముట్టుకోవడం మా ఇళ్లలో పద్ధతి. మరి అన్నిటికీ ఎందుకు చుట్టావని అడిగాను.

"యాది దేవుని పుస్తకమో నాకేం తెలుస్తుందప్పా? నేనేం సదువుకున్నానా? ఒకదానికి చుట్టి దేవుని పుస్తకాన్నే ఇడిసిపెడితే పాపం గదా. అందుకే అన్నిటికీ చుట్టినా."

వుజూ చేసుకుని రండని ఆమె రోజూ వెనక్కి పంపుతుంటే పిల్లలు రావడమే మానేశారట. మాతో వచ్చిన ధర్మవరం నేతగాళ్ల అబ్బాయి ఒక మూట విప్పి చూసి, "ఈ లెక్కల గైడుకు గూడా వుజూ చేసుకోవల్లనా అవ్వా?" అన్నాడు.

"చేసుకో. పాసైతావేమో."

అందరూ నవ్వారు. నవ్వాలని నాకూ తెలుసు. అయినా నవ్వు రాలేదు.

నువ్వు చెప్పిన దేవుని పుస్తకమేదో చూపించమంది అవ్వ. వుజూ చేసుకొచ్చి, స్టూలెక్కి ఒక్కో మూటా విప్పుతూ పోయాను. నాయన పుస్తకం పచ్చ గుడ్డలో దొరికింది. చేతిలోకి తీసుకుంటే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. అట్ట చల్లగా ఉంది, అంతే.

దాంట్లో ఏం రాసుండాదని అడిగింది. చదువొచ్చినవాళ్లను ఎవరినైనా పిలిచి చదివించుకోమన్నాను.

"ఎవరో ఎందుకు? నువ్వు ఈడనే ఉండావు గదా."

కూర్చుని తెరుచుకున్న చోట మొదలుపెట్టాను. బస్టాండులో మైకులో బస్సుల పేర్లు చదివినట్టు చదివాను. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని వింది. పుట అయిపోయాక, "అంత తొందరేముండాది? మెల్లగా సదువు" అంది. మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ తర్వాత మిగతా పుస్తకాల గుడ్డలు తనే విప్పి, కింది అరల్లో పెట్టనిచ్చింది. నాయన పుస్తకం మాత్రం పచ్చ గుడ్డలోనే ఉంటుందంది. శుక్రవారం, జుమ్మా రోజు ఆడవాళ్లు ఈ గదికి వస్తారు, బడికి పోయే తన మనవరాలు ఉంది, దానిచేత చదివిస్తానంది.

సాయంత్రం నమాజుకు వరసలో నిలబడ్డాను. లోపల ఏమీ కదల్లేదు. కదిలినా కదలకపోయినా నమాజు నమాజే కనుక పూర్తి చేశాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, "ఆ పాప గట్టిగా సదువుతుందా?" అని అడిగింది.

"సదువుతుందంట."

మంచిదని, మళ్లీ చేటలోకి వంగింది.