చుక్క పెట్టినందుకు సున్నా

నేను చేసిన ఘనకార్యం ముందే తెలిసుంటే మీలో ఒక్కరూ మీ పిల్లల్ని మా బడికి పంపేవారు కాదు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నయాపూల్ దగ్గర ఓ చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో ఆరో తరగతికి సైన్సు టీచర్ని. సాయంత్రాలు కంప్యూటర్ కోర్సు చదివి, ఆ పొగరుతో, పరీక్ష పెట్టి తనే దిద్ది మార్కుల చీటీ అచ్చువేసే ప్రోగ్రామ్ ఒకటి రాశాను.

"అచ్చం మనిషిలా ఆలోచిస్తుంది సార్! ఇక పేపర్లు దిద్దే బాధే లేదు," అని హెడ్మాస్టరుగారికి కొత్త అల్లుణ్ణి చూపించినట్టు చూపించాను.

పిల్లలు జవాబులు టైపు చేశారు. యంత్రం చీటీలు గుమ్మరించింది. చదవకుండానే పంచేశాను.

మర్నాడు పొద్దున్నే పూలకొట్టు యాదగిరి, కూతురు జ్యోతి చెయ్యి పట్టుకుని వచ్చాడు. జ్యోతి క్లాసులో ఫస్టు. చీటీలో మాత్రం పదికి సున్నా. కింద, 'తల్లిదండ్రులను వెంటబెట్టుకుని రావలెను.'

"ఏంది మేడమ్ గిది? సున్నా తెచ్చేదానికి బడెందుకు? రేపట్నుంచి దుకాణంల కూసోని మాలలు కడతది."

జ్యోతి కళ్ళనిండా నీళ్ళు.

"కంప్యూటర్ తప్పు చెయ్యదండీ," అన్నాను.

"మా పిల్ల రాసింది మీరు సదివిన్రా?"

నేను గోడమీది బల్లిని శ్రద్ధగా చూడసాగాను.

"ఉండండి, నేను రాసి చూస్తాను. ముప్ఫై ఏళ్ళ నుంచీ సైన్సు చెబుతున్నాను," అంటూ, గొడవ విని వచ్చిన హెడ్మాస్టరుగారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అక్షరాలు వెతుక్కుంటూ పదీ పూర్తిచేశారు. ప్రింటరు కీచుమని చీటీ కక్కింది. పదికి సున్నా. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని రావలెను.

"మా నాన్నగారికి ఎనభై ఏడేళ్ళమ్మా. రాజమండ్రి నుంచి రావాలి," అన్నారాయన నీరసంగా.

"ఫికర్ జెయ్యకున్రి సార్," అన్నాడు యాదగిరి. "బస్టాండు కాడికి నేను పోయి తీస్కొస్త."

అప్పుడు జ్యోతి మెల్లగా, "సార్ గూడ నా లెక్కనే ఆఖర్ల చుక్క పెట్టిన్రు మేడమ్," అంది.

నిజమే. వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టకపోతే చెవి మెలేసేదాన్ని నేనే. చుక్క ఉన్నా జవాబు జవాబేనని ప్రోగ్రామ్‌కి చెప్పడం మరిచిందీ నేనే. నా మాట బుద్ధిగా విన్నవాళ్ళందరికీ సున్నాలు!

"తప్పు నాదే జ్యోతీ," అని అందరి ముందూ ఒప్పుకున్నాను. యాదగిరి చీటీ చింపి జేబులో కుక్కుకుని, "క్లాసుకు పో బిడ్డా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం జవాబులన్నీ కూర్చుని చదివాను. జ్యోతివి తొమ్మిది ఒప్పు. పదో ప్రశ్న, పూలు ఎక్కడి నుంచి వస్తాయి? 'గుడిమల్కాపూర్ పూలమార్కెట్ నుంచి.'

పిలిచి అడిగాను. "మరి గుడిమల్కాపూర్‌కి ఎక్కణ్ణుంచి వస్తాయే?"

"లారీలకెల్లి, మేడమ్."

స్టాఫ్‌రూములో సరస్వతి పటం ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఎంత తెలివైన యంత్రం వచ్చినా సాయానికి పక్కన కూర్చోబెట్టుకుంటాను గానీ, పిల్లలు రాసింది నేను చదవకుండా దాని చేత మార్కులు వేయించను.

లారీకి మాత్రం అర మార్కు వేశాను.