తప్పిపోతే ఎవరు కూర్చోవాలి

బ్యాంకాక్ ప్రయాణం ఖాయమైన నాటి నుంచి అనసూర్యను ఒకే భయం పట్టుకుంది. పరాయి దేశపు జనంలో భర్త తప్పిపోతాడు. తాను గొంతు చించుకున్నా అతనికి వినబడదు.

కొమురెల్లి గోదావరిఖని బొగ్గుబాయిలో డ్రిల్లు పట్టి రిటైరైన మనిషి. రాతిని తొలిచిన ఆ యంత్రమే అతని చెవులనూ తొలిచివేసింది. ఎదురుగా నిలబడితే పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే గోడకు చెప్పినట్టే.

యాత్రకు తీసుకువెళ్తున్న వీరేందర్ అనసూర్య తమ్ముడు. ఆ దేశం ఇదివరకే చూసివచ్చినవాడు. తరచూ వచ్చి పాఠాలు చెప్పేవాడు: చేతులు జోడించి పలకరించడం, గిన్నెలో ఉన్నది ఏ మాంసమో అడగడం, బేరం ఎక్కడ ఆపాలో, బండ్ల మధ్య రోడ్డు ఎట్లా దాటాలో.

"ఫికర్ చెయ్యకక్కా! మన చౌరస్త దాటినోడు ఏ దేశంలనైన దాటుతడు."

"దాటుడు గాదురా. దాటినంక మీ బావ ఎటువోతడన్నదే నా ఫికర్."

"ఫోన్ చేస్తే సరిపాయె."

"గా ఫోన్ మోగేది ఎవలు వినాలె? నువ్వు వింటవా?"

వాళ్ల పెదవులను గమనిస్తున్న కొమురెల్లి నవ్వాడు. "పొద్దు కనవడని కాడనే తొవ్వ తప్పలే నేను. ఒక్కటి యాదికుంచుకో అనసూర్యా. బాయిల దీపమారిపోతే ఉన్నకాడనే కూసోవాలె. తిరిగితే ఎవలికీ దొరుకవు. కూసుంటే, ఎతికేటోడు వస్తడు."

ఆమె ఆ మాటను తాయెత్తులా కట్టుకుంది. అనుభవం నుంచి పుట్టిన నియమాలతో ఒక చిక్కుంది: ఏ ఏర్పాటును నమ్ముకుని అవి నిలబడ్డాయో అది ఆ నియమాల్లో చెప్పి ఉండదు.

ప్రయాణానికి ముందు, ఊళ్లో ఆదివారం అంగడిలో కూరగాయల తోపుడుబండి ఒకటి భార్యాభర్తలిద్దరి మధ్యకు వచ్చింది. అది దాటేసరికి కొమురెల్లి లేడు. పిలవబోయి, పిలిచి లాభం లేదని గుర్తొచ్చి, అనసూర్య పక్కనున్న గిన్నెల దుకాణం మెట్టు మీద కూర్చుంది.

"ఏందక్కా, గిన్నెలు కొంటవా, మెట్టు కొంటవా?" అంది దుకాణపామె.

"మా ఆయన కోసం చూస్తున్న."

"దొరికితే నిన్ను తోల్కపొమ్మను, లేకుంటే నీతోని గిన్నెలు అమ్మిస్త."

అనసూర్యకు నవ్వు రాలేదు. ఇది తన ఊరే. అతనికి ఇంటి దారి తెలుసు. ఆ సంగతి బుద్ధికి తెలుసు, జనాన్ని వెతుకుతున్న కళ్లకు తెలియదు. ప్రతి తెల్లచొక్కా కొమురెల్లిలా దగ్గరకొచ్చి, పరాయివాడిగా దాటిపోతోంది. రేపు బ్యాంకాక్‌లో, పేర్లు చదవరాని వీధిలో, ఇట్లా ఒక మెట్టు మీద సాయంత్రందాకా కూర్చుంటే? చివరకు ఆమె లేచింది. నియమం తప్పుతున్నానన్న బెదురుతోనే అంగడంతా గాలించింది.

చింతపండు బస్తాల దగ్గర కొమురెల్లి నింపాదిగా కూర్చుని ఉన్నాడు.

"కూసోమన్న గదనే! ఎందుకు లేసినవ్?"

"నువ్వు గూడ కూసుంటివి! ఇద్దరం కూసుంటే ఎవలొస్తరయ్యా, మీ సూపర్వైజర్ వస్తడా?"

బస్తాల వెనక నుంచి ఎవరో నవ్వారు. కొమురెల్లి నవ్వలేదు. బాయి రోజులు తలుచుకుంటూ అన్నాడు: "బాయిల దిగేటప్పుడు తీసుకున్న నెత్తిదీపం పనైనంక తిరిగి అప్పజెప్పకుంటే మీదున్నోళ్లకు ఎరుకైతుండె, ఫలానోడు రాలేదని. ఎతుకవోతుండ్రి."

"గా పరాయి దేశంల మన దీపం ఎవలు చూస్తరు?"

ఇన్నేళ్లూ కొమురెల్లి తన ఓపికే తనను కాపాడిందనుకున్నాడు. నిజానికి పైన ఎవరో తనను లెక్కలో ఉంచుకున్నారు. ఆ ఎవరో ఇకపై చెవులు సరిగా ఉన్న ఈ మనిషే కావాలి. అంటే వెతికేది ఆమె, దొరకవలసింది తాను.

"సరే," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "కూసునేటోణ్ణి నేనే. నువ్వు తిరుగాలె." ఆ మాటను గొప్ప వినయమని పొగడనక్కర్లేదు, మరో దారి లేదు. అయినా అది అతనికి తేలిగ్గా రాలేదు.

"మరి నేను తప్పిపోతె?" అంది, భుజం తట్టి అతణ్ణి తనవైపు తిప్పుకుని.

"నువ్వు తప్పిపోయినా తప్పిపోయినోణ్ణి నేనే, ఎతికేది నువ్వే." లేచాడు. "మళ్లొక్కపారి చేద్దాం. అటు మొకం తిప్పు. నేను ఎటువోయేది చూడద్దు."

అనసూర్య ఉల్లిగడ్డల కుప్ప వైపు తిరిగింది. ఒక్క క్షణం కూడా నిలవలేకపోయింది. తల తిప్పి, జనంలోకి వెళ్లిపోతున్న ఆ వీపును రెప్ప వాల్చకుండా చూస్తూ నిలబడింది.