ఎర్రయ్య సముద్రాన్ని నేను ఐసులో పెట్టిన వైనం

సముద్రంలో వలలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, బోట్లు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. సముద్రాన్నే పోగొట్టినవాడు మాత్రం విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ మొత్తానికి ఒక్కడే. ఆ ఘనుడే ఇది రాస్తున్నాడు. నవ్వుకోండి, పరవాలేదు. హార్బరంతా నవ్వేశాక మీ నవ్వు నన్నేం చేస్తుంది? ఒక్కమాట మాత్రం ముందే చెప్పి పెడుతున్నాను. మీ హార్డ్ డిస్క్ ఎప్పుడైనా 'టిక్ టిక్' అంటే, దాన్ని పట్టుకుని ఐస్ ప్లాంటు వైపు నడవకండి.

అప్పటికి నాకు ఇరవై ఐదేళ్ళు. విజయనగరం పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. నేను మాత్రం నాగలికి దొరక్కుండా తప్పించుకుని, హార్బర్‌లో ఓ ఐస్ ప్లాంటులో గుమస్తాగా చేరాను. ఎక్సెల్‌లో గళ్ళు గీయడం, గళ్ళకు రంగులు పూయడం వచ్చు. ఆ మాత్రానికే కంప్యూటర్ని కనిపెట్టినవాడి తమ్ముడిలా తిరిగేవాణ్ణి. ప్లాంటు గేటు దగ్గర బజ్జీల బండి సత్యవతమ్మ కూడా నన్ను 'కంప్యూటర్ బాబు' అనేది. ఆఫీసులో చిత్తుకాగితాలన్నీ ఆవిడకే ఇచ్చేవాణ్ణి. ఆ కృతజ్ఞతకి సాయంత్రం పూట నాకు నాలుగు మిరపకాయ బజ్జీలు ఉచితం.

ఇక ఎర్రయ్య. ఆయన సరంగు, అంటే మరబోటు నడిపే పెద్ద. ఆయన దగ్గరొక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. రొయ్య పడే చోటు, అడుగున రాయి ఉండి వల చింపేసే చోటు, పాత ఓడ ముక్క మునిగి ఉన్న చోటు, అన్నీ జీపీఎస్ నంబర్లతో సహా అందులో రాసుకున్నాడు. బోటులోని జీపీఎస్ పెట్టె రెండుసార్లు పాడైపోయి నంబర్లన్నీ మింగేసిందట. అప్పట్నుంచి ఆయన నమ్మకం పుస్తకం మీదే. ఒక్కో నంబరు వెనక ఒక్కో చిరిగిన వల ఉంటుంది మరి. అలాంటి పుస్తకాన్ని సరంగు పెళ్ళానికి కూడా చూపించడు. ఎర్రయ్యకి కళ్ళలో శుక్లాలు దిగాయి. వేసవిలో వేట నిషేధం అయిపోగానే బోటు కొడుకు అప్పలరాజుకి అప్పగించాలి. బోటుతోపాటు కొడుక్కి ఇవ్వడానికి ఆయన దగ్గరున్న ఆస్తి ఆ పుస్తకమే.

ఓ రోజు దసరాల్లో దాన్ని నా బల్లమీద పెట్టాడు. ఉప్పునీళ్ళకి పేజీలు అప్పడాల్లా అయిపోయాయి.

"బాబూ, ఇది ఇంకో ఏడాది బతకదు. నీ మిషన్లో ఎక్కించగలవేటి?"

"అదెంత పని మావా. ఒకసారి మిషన్లోకి ఎక్కిందంటే నీ మునిమనవడికి కూడా చెక్కుచెదరదు. ఇంక ఈ పుస్తకంతో పనే నేదు."

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను ఈ జన్మలో మరిచిపోను.

పన్నెండు రాత్రులు కాదు గాని, పన్నెండు మధ్యాహ్నాలు కూర్చుని దాదాపు నాలుగువందల చోట్లు ఎక్కించాను. అందులోనూ నా తెలివి చూడండి. ఆఫీసు కంప్యూటర్లో ఉంచితే ఐసు కోసం వచ్చే పోలయ్య కంటపడుతుందని, అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్ ఒకటి కొని అందులోనే దాచాను. పోలయ్య ఇంకో బోటు సరంగు. ఎర్రయ్యా ఆయనా ఒకరినొకరు 'బావా' అని ఎంత ప్రేమగా పిలుచుకునేవారో, సముద్రంలో ఒకరినుంచి ఒకరు అంత దూరంగా పారిపోయేవారు. ఆ తర్వాత పన్నెండు కాగితాల మీద ప్రింటు తీశాను. మొదటిసారి కుడివైపు అంచు తెగిపోయినట్టు కనిపించింది, రెండోసారి రంగు నచ్చలేదు, మూడోసారి అక్షరాలు లావయ్యాయి. నాలుగోసారి కుదిరిన ప్రతిని ఎర్రయ్య చేతిలో పెడితే ఆయన అదిరిపడ్డాడు.

"కాయితమంటే నలుగురు సూత్తారు బాబూ. కాల్చీ."

ఆయన ఎదురుగానే కాల్చాను. మరునాడు ఆయన పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, పనైపోయిన దేవుడి బొమ్మను సాగనంపినట్టు సముద్రంలో కలిపేశాడు. అన్నం పెట్టిన పుస్తకాన్ని చెత్తలో పడెయ్యకూడదు కదా. పక్కనే నిలబడి కొబ్బరిముక్క నమిలినవాణ్ణి నేనే.

ఆ సీజన్లో ఎర్రయ్య కంఠతా వచ్చిన పాతిక చోట్లతోనే వేట నెట్టుకొచ్చాడు. హార్బర్‌లో మాత్రం ఒకే వింత. ఏటా నాలుగైదు వలలు చింపుకునే పోలయ్య, ఈసారి ఒక్కటీ చింపుకోలేదు. పైగా మనిషి పొట్ట పెరిగింది, చేతిలో ఎప్పుడూ గోలీసోడా. "గుండెల్లో మంట బాబూ" అని రుద్దుకునేవాడు. పాపం, వయసైపోతోంది అనుకున్నాను.

వేట నిషేధం ముగియడానికి పది రోజులుందనగా, అప్పలరాజు కొత్త జీపీఎస్ కొన్నాడు. నంబర్లు ఎక్కిద్దామని డిస్క్ తగిలించాను. 'టిక్' అంది. మళ్ళీ తగిలించాను. 'టిక్ టిక్ టిక్' అంది. తెరమీద ఏమీ లేదు. వెంటనే ఆటోనగర్‌లో లేత్ మిషను పనిచేసే మా బావ సూరిబాబుకి ఫోన్ కొట్టాను. ఇనుము గురించి తెలిసినవాడికి డిస్క్ గురించి తెలియదా అని నా తర్కం.

"బావా, డిస్కు టిక్ టిక్ అంటంది."

"ఏడెక్కిపోయుంటాది. నానొక వీడియోలో సూసినాను. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిసేత్తాదంట."

"ఫ్రిజ్ ఎందుకు బావా? నాను ఐస్ ప్లాంటులోనే కదేటి ఉన్నాను."

"మరింకేటి. నీ అంత అదృష్టవంతుడు ఇండియాలో నేడు."

మీరు నవ్వుతారు గాని, మా హార్బర్‌లో ఐసుని మించిన వైద్యం లేదు. చేప చెడకూడదంటే ఐసు, వేలు నలిగితే ఐసు, తలనొప్పికి ఐసు. చేపని నాలుగు రోజులు కాపాడేది నంబర్లని కాపాడదా? డిస్క్‌ని పాలిథిన్ సంచీలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, చేపల పెట్టెలో అడుగున ఐసు, పైన ఐసు నింపి పూడ్చేశాను. ఆ సంచీకి అంతకుముందే ఓ రొయ్య మీసం గుచ్చుకుని చిల్లు పడిందని నాకేం తెలుసు? మర్నాడు పొద్దున్న తీసేసరికి సంచీలో డిస్కూ నీళ్ళూ కలిసి కాపురం చేస్తున్నాయి. ఐసులో తల దూర్చాక తడికి వెరవకూడదని, చొక్కాతో తుడిచి తగిలించాను. ఈసారి టిక్ కూడా అనలేదు. మూడుసార్లు తగిలించాను. మూడోసారి సన్నగా గీకిన శబ్దం వచ్చి, కాస్త కాలిన వాసన వచ్చింది.

పరుగున విశాఖ పాత ఊళ్ళో బాషాభాయ్ దుకాణానికి వెళ్ళాను. పోయిన డిస్కుల నుంచి పెళ్ళి ఫొటోలు, కాలేజీ ప్రాజెక్టులు వెనక్కి లాగడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. డిస్క్ పట్టుకుని వంచితే బల్లమీద నాలుగు చుక్కలు కారాయి. ఆయన వాసన చూశాడు.

"భాయ్, ఇది కంప్యూటర్దా, కానాగడత చేపదా?"

జరిగిందంతా చెప్పాను. ఆయన డిస్క్ వదిలేసి నా వైరు తీసుకున్నాడు. మెడ దగ్గర రెండుసార్లు వంచి చూసి, తన దగ్గరున్న మంచి డిస్క్‌కి దాన్ని తగిలించాడు. అదీ 'టిక్ టిక్' అంది. వేరే వైరు పెడితే బుద్ధిగా తిరిగింది.

"నీ డిస్కుకి రోగం లేదు భాయ్. వైరు పోయింది, కరెంటు సరిగా అందలేదు. వైరు మార్చుంటే ఖుషీగా లేచేది. నువ్వు ఐసులో ముంచి, తడి మీదే కరెంటిచ్చి, లోపల నంబర్లుండే పళ్ళేన్ని గీకించేశావు."

"ఇప్పుడు రాదా భాయ్?"

"ఖతం. ఇంకో కాపీ ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు."

ఆయన నన్ను తిట్టలేదు. చాయ్ తెప్పించాడు. "ఒక్కచోటే ఉన్నదాన్ని ఉందనుకోవద్దు భాయ్. రెండో చోట కూడా ఉంటేనే ఉన్నట్టు," అన్నాడు. చాయ్ అక్కడే వదిలేసి హార్బర్‌కి నడిచాను.

సాయంత్రం ఎర్రయ్య జెట్టీ మీద కూర్చుని, కళ్ళు చికిలించుకుంటూ వల అల్లుకుంటున్నాడు. కాస్త అవతల పోలయ్య కూడా తన వల ముందు, సోడాతో. తల వంచుకుని చెప్పేశాను. ఐసు సంగతి చెప్పేటప్పుడు సగం మింగేశాను, ఆయన మిగతా సగం కక్కించాడు.

"అంటే అన్నీ పోనాయా?"

"పోనాయి మావా."

"మరి పుస్తకం నేదు కదా బాబూ."

అంతే అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. సూది పక్కన పెట్టి, బోటు వైపు చూస్తూ, "మావోడు ఎన్ని వలలు సింపుకోవాలో మళ్ళీ," అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. ఇరవై ఐదేళ్ళవాణ్ణి, జెట్టీ మీద నలుగురి మధ్య ముక్కు చీదుకున్నాను. పోలయ్య సోడా తాగడం ఆపేసి మమ్మల్నే చూశాడు.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తలుపు తీసేసరికి పోలయ్య నిలబడి ఉన్నాడు, చంకలో ఓ పాలిథిన్ కట్ట. "ఎర్రయ్య బావని పిలు," అన్నాడు. ఎర్రయ్య వచ్చాక కట్ట విప్పాడు. ఆఫీసంతా మిరపకాయ బజ్జీల వాసన. నూనెకి అద్దాల్లా మారిన కాగితపు ముక్కలు, వాటి మీద గళ్ళు, గళ్ళకి నేను పూసిన రంగులు.

కాల్చింది నాలుగో ప్రింటుని. బల్ల కింద పడేసిన మొదటి మూడూ చిత్తుకాగితాల కట్టతో సత్యవతమ్మ బండి మీదికి వెళ్ళాయి.

"మొదటిది బజ్జీల కింద వొచ్చినాది బావా," అన్నాడు పోలయ్య నేల చూపులు చూస్తూ. "నంబర్లు సూసి అనుమానమొచ్చి ఎల్లి సూత్తే, అక్కడ నిజంగానే రాయి ఉన్నాది. అప్పట్నుంచీ రోజూ రెండు పూటలా తిన్నాను."

"కట్టంతా ఒకేసారి అడిగి తెచ్చుకోలేకపోనావా?" అన్నాను.

"అడిగితే ఆవిడకి అనుమానం రాదేటి? ఒక్కో కాయితాన్ని రెండు ముక్కలు సేసి ఇత్తాది మనిషి. ఆరో కాయితం పైముక్క మూడుసార్లొచ్చినాది, కిందముక్క కోసం దీపావళి నుంచి శివరాత్రి దాకా తిన్నాను."

ఎర్రయ్య ముక్కల్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. "నీ వల సిరగట్నేదేటిరా అని నాను సీజనంతా నిద్రపోనేదు," అన్నాడు. తర్వాత నవ్వాడు. మొదట పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత దగ్గు. పోలయ్య కూడా గుండెలు రుద్దుకుంటూ నవ్వాడు.

ఇరవై నాలుగు ముక్కలకి ఇరవై మూడు ఉన్నాయి. "తొమ్మిదో దాని కిందముక్క ఎంత తిన్నా రానేదు," అన్నాడు పోలయ్య. వెళ్ళి సత్యవతమ్మని అడిగాం.

"అంచు బాగున్న కాయితాలు మన కంప్యూటర్ బాబుకే తీసి ఉంచేదాన్ని కదా," అంది ఆవిడ ఆప్యాయంగా. "తినేసి, శుభ్రంగా సెయ్యి తుడుసుకుని పారేసీవోడు."

ఇద్దరు సరంగులూ నా చేతుల వైపు చూశారు. నేను వాటిని వెనక్కి దాచుకున్నాను.

ఆ పోయిన ముక్కలోని చోట్లని ఇద్దరూ కలిసే నింపారు. 'ఇక్కడ నీ వల సిరిగినాది', 'అక్కడ నీది' అని వాదించుకుంటూ, పోలయ్య పాత పుస్తకం కూడా తెచ్చి పక్కన పెట్టుకున్నారు. నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున అప్పలరాజు బోటు బయల్దేరింది. ఈసారి నంబర్లు జీపీఎస్‌లో ఒకటి, కంప్యూటర్లో ఒకటి, ఆటోనగర్ బావ దగ్గర ఒకటి, మొత్తం మూడు చోట్ల ఉన్నాయి. ఇంకో కాపీ కోసం ప్రింటు తీస్తుంటే పోలయ్య నా చెవి దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఈ ఏడు సిత్తుకాయితాలు ఇడ్లీ బండికి ఇయ్యి. డాక్టరు నూనె మానీమన్నాడు."

కాబట్టి, హార్బర్ సాక్షిగా, సత్యవతమ్మ బజ్జీల మూకుడు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. టిక్‌మన్న డిస్క్‌కి ముందు వైరు మారుస్తాను. ఐసుని చేపలకే వదిలేస్తాను. బతికినంతకాలం, ఏ బజ్జీ కాగితంతోనూ, ముందు చదవకుండా చెయ్యి తుడుచుకోను.