గేరు కథ అయ్యాకే స్విచ్చి

మా మరిది గేరు కథ చెప్పకుండా యంత్రం వేయడు. లాండ్రీకి నిప్పంటుకున్నా సరే, ముందు గేరు అన్న మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలి, ఆ తర్వాతే నీళ్ళు.

మా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ల యంత్రం ఉంది. తడి దుప్పటి కొస మేం అందిస్తే, కాలుతున్న రోలర్లు గబుక్కున లాక్కుంటాయి. దాన్ని నడిపేవాడు మా ఆయన తమ్ముడే. ఏ పాత నిఘంటువు చేతికి చిక్కిందో గాని, ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాడు. యంత్రం వేయాల్సినప్పుడల్లా స్టూలెక్కి, రోలర్లకి దూరంగా చేతులు పైకెత్తమనేవాడు. మేమంతా పట్టుబడ్డ దొంగల్లా నిలబడాలి.

"గేరంటే ఇవాళ పళ్ళ చక్రం. మొదట్లోనో? యుద్ధానికి పోయేవాడి బట్టలు, కవచం. అక్కణ్ణుంచి గుర్రం జీను, ఇంటి సామాను, పనిముట్లు. ఆఖరికి చక్రం. అంటే వదినా, నీ చేతిలో దుప్పటీ, ఈ చక్రమూ ఒక ఇంటి పిల్లలే."

నోరు బార్లా తెరిచి, ఒక్కో అక్షరం నమిలి, కవచం అన్నప్పుడు గుండె చరుచుకుని, గుర్రం అన్నప్పుడు స్టూలు మీదే స్వారీ చేసేవాడు. అదీ నా మొహంలోకే చూస్తూ. చదువురాని వదిన దగ్గరా నీ ఇంగ్లీషు ప్రతాపం, దుప్పటి ఆరిపోతోంది దిగవయ్యా అని కసిరేదాన్ని. దిగితేగా! ఓసారి పళ్ళ డాక్టరు తన నోట్లో దూది కుక్కినా ఊరుకోలేదు, చేతులతోనే గుర్రమెక్కాడు. పాపం ఆ డాక్టరు పీకాల్సిన పన్ను మరిచిపోయాడట.

అప్పుడొచ్చింది కొత్త మేనేజరమ్మ. గోడకి గంట ఉండగా ఈ పురాణమేమిటంది. గంట మోగాలి, చేతులు లేవాలి, స్విచ్చి పడాలి. ఇంకోసారి గేరు మాటెత్తితే ఉద్యోగం ఊడుతుందంది. నాకైతే చెవుల్లో తుప్పు వదిలినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే గంట దగ్గర నిలబడింది. నేను రోలర్ల సందులో దుప్పటి కొస సర్దుతూ, ఈ మహాతల్లి ఇంకా మోగించదేమిటా అని తలెత్తాను.

అందరి చేతులూ పైనున్నాయి. నావి మాత్రం రోలర్ల నోట్లో ఉన్నాయి.

మరిది వేలు స్విచ్చి మీదుంది, నొక్కలేదు. మేనేజరమ్మ కళ్ళెర్రజేసింది. వాడు తాపీగా స్టూలెక్కాడు.

"గేరంటే ఇవాళ పళ్ళ చక్రం."

నా చేతులు వాటంతటవే లేచాయి. ఆవిడ నా వైపు చూడనే లేదు, వాణ్ణి ఇంటికి పొమ్మని అరవడంలో ఉంది. గంట వినపడదని తెలిస్తే ఇంటికి పోవాల్సింది నేను. ఆ సంగతి నాకన్నా ముందు వాడికి తెలుసు.

"కథ పూర్తి కానిదే మా చేతులు దిగవు," అన్నాను.

పక్కనున్న ఆడవాళ్ళూ దించలేదు. తడి దుప్పట్లు కొండలా పేరుకుపోతున్నాయి. చెప్పి ఏడవమంది మేనేజరమ్మ. గుర్రం దగ్గరికొచ్చేసరికి, జీను ఎలా కడతారని తనే అడిగింది. ఉద్యోగం నిలిచింది, కథా నిలిచింది.

మధ్యాహ్నం వాణ్ణి పక్కకి లాగి, ఎప్పట్నుంచి తెలుసని నిలదీశాను.

"నాకు గేరు తప్ప ఏం తెలుసు వదినా? అన్నట్టు, దాని అసలు మూలం చెప్పనే లేదు. సిద్ధం చేయడం అట."

నా చెవులకేం, రాళ్ళలా ఉన్నాయి. ఆ గంటదే పీలగొంతు. కాకపోతే ఇప్పుడు వాడు స్టూలెక్కడం ఆలస్యమైతే నేనే కసురుతున్నాను. నిన్న గుర్రం దగ్గర తొందరపడ్డాడు, మళ్ళీ మొదట్నుంచి చెప్పించాను.